జీతాల గిన్నె: అనివార్యతా, బాధ్యతా

1865 జూన్‌లో లండన్‌లో, మొదటి ఇంటర్నేషనల్ జనరల్ కౌన్సిల్ సమావేశాల్లో, ఒక వాదం నడిచింది. జాన్ వెస్టన్ అనే వడ్రంగి పనివాడు, కౌన్సిల్ సభ్యుడు, రాబర్ట్ ఓవెన్ అనుయాయి, కూలి పెంపు కోసం కార్మికులు చేసే పోరాటం నిష్ప్రయోజనమని వాదించాడు. కూలి కింద పంచడానికి దేశంలో ఉన్న మొత్తం ఇంత అని ముందే ఏర్పడి ఉంటుందన్నది ఆయన భావం. గిన్నెలో ఉన్న పులుసు ఇంతే అయినప్పుడు చెంచాలు పెద్దవి చేసుకున్నంత మాత్రాన పులుసు పెరుగుతుందా అని ఉపమానం కూడా చెప్పాడు. వెస్టన్ శత్రువు కాడు, మనవాడే. అందుకనే మార్క్సు రెండు సమావేశాల్లో ఓపికగా ఆయనకు జవాబు చెప్పాడు. 'విలువ, ధర, లాభం' అని ఈనాడు మన విద్యార్థులు చదువుకునే చిన్న పుస్తకం ఆ జవాబే. గిన్నె నింపేది శ్రామికులే గదా, వాళ్ళకు అందవలసినంత అందకపోవడానికి గిన్నె కొలత కారణం కాదు, వాళ్ళ చేతి చెంచా చిన్నది కావడమే కారణం అని దాని సారం.

వెస్టన్ మాట వెనుక ఉన్న సిద్ధాంతానికి అర్థశాస్త్రంలో వేతన నిధి సిద్ధాంతమని పేరు. దాన్ని చాలాకాలం మోసిన జాన్ స్టూవర్ట్ మిల్ సైతం 1869లో దాన్ని దించుకున్నాడు. తరగతి గదుల్లో అది ఏనాడో చచ్చిన సిద్ధాంతం. అయితే చచ్చిన సిద్ధాంతాలు యాజమాన్యాల నోట చాలాకాలం బతుకుతాయి. ఉన్న నిధులు ఇంతే, మీకు పెంచాలంటే మీలో ఒకరిని మానిపించాలి అన్న మాట గంటల లెక్కన పాఠాలు చెప్పే మన గెస్టు లెక్చరర్లు ఎన్నిసార్లు విని ఉంటారో చెప్పనక్కరలేదు. ఇక్కడ అది బెదిరింపు. ఆ బెదిరింపునే అక్షరాలా నిజం చేసి, యజమానుల చేతా కార్మికుల చేతా సంతకాలు పెట్టించి, ప్రతి ఏటా డాలర్లతో సహా ప్రకటించే చోటు ఒకటి ఉంది. అది అమెరికా వాళ్ళు ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆట.

ఆ ఆట మన ఫుట్‌బాల్ కాదు. కోలబంతిని చేతబట్టుకుని, శిరస్త్రాణాలు పెట్టుకుని, ఒకరినొకరు గుద్దుకుంటూ భూమి గెలుచుకునే ఆట. దాని జాతీయ లీగులో 32 జట్లున్నాయి. ఒక ఏడాది ఒక జట్టు తన ఆటగాళ్ళందరి మీదా కలిపి లెక్కలో చూపగల మొత్తానికి 1994 నుంచి ఒక పరిమితి ఉంది. ఆ మొదటి ఏడాది అది 3 కోట్ల 46 లక్షల డాలర్లు. 2025లో 27 కోట్ల 92 లక్షలు. లీగు రాబడిలో సుమారు 48 శాతం ఆటగాళ్ళదని ఒప్పందం. దాన్ని 32 భాగాలు చేస్తే దాదాపు ఈ గిన్నె వస్తుంది. మన ఐ.పి.ఎల్. వేలంలో కూడా జట్టుకింత అని ఒక సంచి ఉంటుంది, 2025లో అది 120 కోట్ల రూపాయలు. తేడా ఏమంటే, మన సంచి కొలతను క్రికెట్ బోర్డు తానే నిర్ణయిస్తుంది. ఎదురుగా కూర్చుని బేరమాడే ఆటగాళ్ళ సంఘం లేదు. అమెరికాలో సంఘం ఉంది. కనుకనే అక్కడి ప్రశ్న మరింత క్లిష్టం.

ఆ సంఘం ఈ పరిమితికి ఎందుకు ఒప్పుకుంది? 1987లో ఆటగాళ్ళు ఇష్టమైన జట్టుకు వెళ్ళే స్వేచ్ఛ కోసం 24 రోజులు సమ్మె చేశారు. యజమానులు ఒక్క వారం ఆటలు ఆపి, ఆ పైన దొరికినవాళ్ళను దింపి మూడు వారాలు ఆడించారు. ఆ తరహా మనుషుల్ని మన మిల్లు కార్మికులు ఏ పేరుతో పిలుస్తారో పాఠకులకు తెలుసు. సమ్మె విరిగిపోయింది. సంఘం కోర్టులకెక్కింది; 1992లో జ్యూరీ ఆటగాళ్ళ పక్షాన తీర్పు చెప్పింది; 1993లో రాజీ కుదిరింది. ఆ రాజీలో ఆటగాడికి జట్టు మారే స్వేచ్ఛ వచ్చింది, దానికి వెలగా జీతాల పరిమితి వచ్చింది. సంకెల విప్పి, గది తలుపు మూశారన్న మాట.

ఇప్పుడు ఆ గదిలో లెక్క ఎట్లా నడుస్తుందో చూడాలి. ఫిబ్రవరిలో ఆటలు ముగుస్తాయి. మార్చిలో కొత్త లెక్కల సంవత్సరం. ఏప్రిల్‌లో కళాశాలల నుంచి కొత్తవాళ్ళ ఎంపిక. 2011 నుంచి కొత్తవాళ్ళ జీతాలకు పట్టిక ఉంది, అది చౌక, నాలుగేళ్ళ పాటు చౌక. వేసవిలో జట్టుకు 90 మంది. ఆగస్టు చివరికి 53 మంది. అంటే కాగితం మీద 32 జట్లలో కలిపి 1,184 మంది ఒక్కసారిగా జాబితా నుంచి పోతారు. కొందరు సాధన జట్లలో తేలతారు, కొందరు ఇళ్ళకు పోతారు. సంఘం చెప్పే లెక్క ప్రకారమే ఈ ఆటలో సగటు ఉద్యోగ జీవితం మూడేళ్ళ పైచిలుకు. పింఛను హక్కు స్థిరపడడానికి కావలసింది కూడా మూడేళ్ళ ఆటే.

ఒక ఆటగాడికి ఐదేళ్ళ ఒప్పందం రాశారనుకుందాం. సంతకం చేసిన రోజున 2 కోట్ల డాలర్లు చేతికిచ్చారు. లెక్కలో దాన్ని ఏడాదికి 40 లక్షల చొప్పున ఐదేళ్ళకు పరుస్తారు. మూడో ఏట అతని జీతం కోటిన్నర. దానికి ఏ హామీ లేదు. ఆ ఏడాది గిన్నెలో అతని భాగం 1 కోటి 90 లక్షలు. ఇక మార్చిలో మేనేజరు ఆలోచిస్తాడు. తీసేస్తే, పరచగా మిగిలిన మూడేళ్ళ భాగం, 1 కోటి 20 లక్షలు, ఒక్కసారిగా ఆ ఏటి లెక్కలోకి వచ్చిపడుతుంది. కోటీ తొంభైలో ఆ కోటీ ఇరవై పోగా 70 లక్షలు ఆదా. ఆ 70 లక్షలకు ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు వస్తారు. ఈ మనిషి మోకాలు అంత విలువ చేస్తుందా, చెయ్యదా? ఆటలు లేని నెలల్లో మేనేజరు పనిలో చాలా భాగం ఈ ఒక్క ప్రశ్నే.

తీసేసిన తర్వాత లెక్కలో మిగిలిపోయే ఆ కోటీ ఇరవై లక్షలకు వాళ్ళు పెట్టుకున్న పేరు డెడ్ మనీ, చచ్చిన డబ్బు. 2024లో డెన్వర్ జట్టు రస్సెల్ విల్సన్ అనే క్వార్టర్‌బాక్‌ను వదిలించుకున్నప్పుడు రెండేళ్ళ లెక్కలో కలిపి 8 కోట్ల 50 లక్షల డాలర్ల చచ్చిన డబ్బు మిగిలింది. అప్పటికి అంతకు మించినది లేదు. సాహిత్యం చదువుకున్నవాణ్ణి కనుక నాకు ఈ మాట దగ్గర ఆగాలనిపిస్తుంది. ఏ డబ్బును చచ్చినదంటున్నారు? కార్మికుడికి నిజంగా అందినదాన్ని, లేక హామీ ఇచ్చాం గనక ఇవ్వక తప్పనిదాన్ని. ఏ డబ్బును బతికినదంటున్నారు? అతనికి కాగితం మీద రాసి, ఇవ్వకుండా మిగిల్చుకున్నదాన్ని! మార్క్సు పెట్టుబడినే మృతశ్రమ అన్నాడు, అది సజీవశ్రమను పీల్చి బతుకుతుందన్నాడు. ఈ లెక్కల పుస్తకం ఆ మాటను సరిగ్గా తలకిందులు చేసింది. తీసివేసిన మనిషి ఆదాగా మిగులుతాడు, చెల్లించిన కూలి శవంగా మిగులుతుంది.

భాషను గురించే ఇంకొక మాట. నా పాత విద్యార్థి ఒకడు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న వేసవిలో వచ్చినప్పుడు తను అభిమానించే జట్టు సంగతి చెబుతూ, "అతన్ని తీసేస్తే మనకు ఏడు మిలియన్లు మిగులుతాయి మాస్టారూ" అన్నాడు. కుర్రవాడు మంచివాడు. తన కంపెనీలో మనుషుల్ని తీసేసినప్పుడు నెల రోజులు నిద్రపోనివాడు. ఇంగ్లీషులో ఒకటే 'వుయ్'. తెలుగులో రెండున్నాయి. మేము అంటే ఎదుటివాణ్ణి బయట పెడతాం, మనం అంటే లోపలికి తీసుకుంటాం. వాడు 'మనకు' అన్నాడు. ఆ మనలో వాడున్నాడు, మర్యాదకు నన్నూ చేర్చాడు, వాడి మొహమెరుగని ఒక కోటీశ్వరుడైన యజమాని ఉన్నాడు. లేనివాడు ఒక్కడే, నిన్నటిదాకా వాడు ఎవరికోసం గొంతు చించుకున్నాడో ఆ ఆటగాడు. ఈ ఏర్పాటు సాధించిన అసలు విజయం ఇది అని నాకు తోస్తుంది. పనివాడైన ప్రేక్షకుణ్ణి ఆరు నెలల పాటు, జీతమివ్వకుండా, యజమాని గుమాస్తాగా కూర్చోబెట్టి లెక్కలు వేయిస్తుంది.

మేనేజరు చెప్పుకునే సమర్థన ఒకటే: నేనేం చెయ్యను, అంకె ఒప్పుకోలేదు. ఈ సమర్థన ఎంతవరకు నిలుస్తుందో చూడడానికి ఒక ఉదాహరణ చాలు. లాయర్ మిలాయ్ న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టులో 1996 నుంచి ఏడేళ్ళు ఆడాడు, నాయకుల్లో ఒకడు, 2002 ఫిబ్రవరిలో జట్టు మొట్టమొదటి ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు మైదానంలో ఉన్నవాడు. 2003లో జీతం తగ్గించుకోమన్నారు. ఒప్పుకోలేదు. సెప్టెంబరు 2న, మొదటి ఆటకు ఐదు రోజుల ముందు, తీసేశారు. అతను బఫెలో జట్టులో చేరాడు; ఆ ఐదో రోజున బఫెలో తన పాత జట్టును 31–0తో ఓడించింది. జట్టులో మిగిలినవాళ్ళు నిర్ఘాంతపోయారు. అయితే ఆ ఏడాది చివరి లీగు ఆటలో న్యూ ఇంగ్లండ్ సరిగ్గా అదే 31–0తో బఫెలోకు బదులు చెప్పి, 2004 ఫిబ్రవరిలో మళ్ళీ ఛాంపియన్ అయింది. మిలాయ్ లేని ఆ రక్షణ వరసను నిలబెట్టినవాళ్ళలో ఒకడు రాడ్నీ హారిసన్. అతన్ని ఆ ఏడాది మొదట్లోనే శాన్ డియాగో జట్టు తీసేసింది. ఒకచోట పారేసిన మనిషి ఇంకొకచోట పారేసిన మనిషి ఖాళీని పూరించాడు.

ఛాంపియన్‌షిప్ వచ్చింది కనుక ఆ నిర్ణయం సరైనదని అమెరికాలో ఎక్కువమంది తేల్చేశారు. సరే, 2024లో న్యూయార్క్ జెయింట్స్ తమ ప్రియతముడైన సేక్వాన్ బార్క్‌లీని అడిగిన ధరకు నిలుపుకోలేమని పోనిచ్చారు. ఫిలడెల్ఫియా అతన్ని తీసుకుంది. అతను ఆ ఏడాది 2,005 గజాలు పరుగెత్తి 2025 ఫిబ్రవరిలో ఛాంపియన్ అయ్యాడు. ఇది తప్పు నిర్ణయమని అదే జనం తేల్చేశారు. రెండు తీర్పుల్లోనూ కొలబద్ద ఒకటే, స్కోరు బోర్డు. నేనడుగుతున్న ప్రశ్న అది కాదు. మిలాయ్ విషయంలో అంకె ఏమని చెప్పింది? ఇతని జీతం ఎక్కువ అని చెప్పి ఉంటుంది. ఆ అంకె మార్చిలోనూ ఉంది. మార్చిలో చెప్తే 31 జట్ల గిన్నెల్లో ఇంకా చోటుంటుంది, మనిషి తలెత్తుకుని బేరమాడతాడు. సెప్టెంబరులో జాబితాలు నిండి, గిన్నెలు అడుగంటి ఉంటాయి. ఏ రోజు చెప్పాలన్నది అంకె చెప్పలేదు, మనిషి ఎంచుకున్నాడు. పరిమితి యజమానులది కావచ్చు. పరిమితి లోపల ఎదుటివాడి బలం ఎప్పుడు క్షీణిస్తుందో చూసి మాట్లాడడం మాత్రం మేనేజరు సొంత నీతి. అనివార్యత అన్న మాట కింద ఇట్లాంటి చిన్న చిన్న స్వేచ్ఛలు ఎన్నో దాగి ఉంటాయి, మనం వాటిని ఒక్కొక్కటిగా బయటికి లాగి అడగాలి.

ఇక్కడ మన సంప్రదాయం నుంచి ఒక ఆక్షేపణ రావచ్చు. భారతంలో దుర్యోధనుడు పుట్టినప్పుడు విదురుడు ధృతరాష్ట్రుడికి చేసిన బోధ అందరికీ తెలిసినదే. కులం నిలబడడానికి ఒకణ్ణి వదులుకోవచ్చునన్న ధర్మం. జట్టు కోసం ఒక ఆటగాణ్ణి వదులుకుంటే తప్పేమిటి? తప్పు లేదు, ఆ ధర్మం ఎవరికి చెప్పారో గుర్తున్నంతవరకు. విదురుడు ఆ మాట చెప్పింది రాజుకు, వదులుకోమన్నది రాజు సొంత కొడుకుని. త్యాగం చెయ్యవలసినవాడూ అధికారం ఉన్నవాడూ ఒకడే. వాడు చెయ్యలేకపోయాడు, దాని ఫలితమే పద్ధెనిమిది పర్వాలు. ఈనాటి విదురులు మాత్రం వదులుకోమని ఎప్పుడూ ఎదుటివాడి కొడుకునే చూపిస్తారు.

త్యాగాన్ని ఆటగాడే తనంతట తాను చేసినా కథ వేరుగా ముగియదు. 2013లో అదే న్యూ ఇంగ్లండ్ జట్టు క్వార్టర్‌బాక్ టామ్ బ్రాడీ, తనలాంటివాడికి బజారులో దొరికేదానికంటే చాలా తక్కువకు, 2 కోట్ల 70 లక్షల డాలర్లకు మరి మూడేళ్ళ ఒప్పందం పొడిగించుకున్నాడు. గిన్నెలో చోటు మిగిల్చాడని దేశమంతా మెచ్చుకుంది. కొద్ది వారాల్లోనే అతని బంతుల్ని ఎక్కువగా అందుకునే వెస్ వెల్కర్ రెండేళ్ళకు 1 కోటి 20 లక్షలిచ్చిన డెన్వర్‌కు వెళ్ళిపోయాడు. చోటు మిగిల్చడం వరకే ఆటగాడి చేతిలో ఉంది. ఆ చోటును ఎవరితో నింపాలో, అసలు నింపాలో లేదో చెప్పేది మరొకరు.

ఈ పరిమితిని సమర్థించే వాదనల్లో బలమైనది అభ్యుదయవాదుల్ని ఆకర్షించేదే. పరిమితి లేకపోతే డబ్బున్న జట్టు అందర్నీ కొనేస్తుంది. ఐరోపా ఫుట్‌బాల్‌లో జరుగుతున్నది అదే. ఇక్కడ గ్రీన్‌బే అనే లక్ష జనాభా ఊరి జట్టు, ఊరివాళ్ళూ అభిమానులూ వాటాలు కొని నిలుపుకున్న జట్టు, న్యూయార్క్‌తో సమానంగా ఆడుతోంది. ఇది ప్రణాళిక కాదా, సమానత్వం కాదా? ఈ మాటను నేను తేలిగ్గా తీసిపారెయ్యలేను. పిసినారి యజమాని కూడా గిన్నెలో దాదాపు తొమ్మిది పదో వంతుల దాకా నాలుగేళ్ళ సగటున ఖర్చు చెయ్యక తప్పదని 2011 ఒప్పందంలో అడుగు హద్దు కూడా పెట్టారు. అది ఆటగాళ్ళు సాధించుకున్నదే. కాని గ్రీన్‌బేను నిజంగా బతికిస్తున్నది టెలివిజన్ రాబడిని జట్లన్నీ సమానంగా పంచుకోవడం. 1961 చట్టం దానికి వీలు కల్పించింది. 2021లో కుదిరిన ప్రసార ఒప్పందాలు పదకొండేళ్ళకు సుమారు 11,000 కోట్ల డాలర్లవి. రాబడిని పంచుకోవడం యజమానుల మధ్య సమానత్వం. కూలికి మూత వెయ్యడం వేరే పని. మొదటి దాని పుణ్యాన్ని రెండో దాని ఖాతాలో రాయడం గారడీ.

అదీగాక మూత ఎవరి మీద ఉందో చూడండి. కోచ్‌ల జీతాలకు పరిమితి లేదు. మేనేజర్ల జీతాలకు లేదు. కోవిడ్ ఏడాది మైదానాలు ఖాళీ అయి రాబడి పడిపోతే, గిన్నె 2020లోని 19 కోట్ల 82 లక్షల నుంచి 2021లో 18 కోట్ల 25 లక్షలకు కుంచించుకుపోయింది, ఆ మార్చిలో ఎందరో పాతవాళ్ళు దాని కింద నలిగారు. నష్టంలో భాగస్వాములన్న మాట. మరి లాభంలో? వాషింగ్టన్ జట్టును ఒక యజమాని 1999లో 80 కోట్ల డాలర్లకు కొని 2023లో 605 కోట్లకు అమ్ముకున్నాడు. ఆ పెరిగిన విలువలో ఒక్క డాలరు కూడా గిన్నెలోకి రాలేదు. జట్టు అమ్మకం సొమ్ము ఒప్పందం ప్రకారం పంచుకునే రాబడి కిందికి రాదు. ఇరవై నాలుగేళ్ళ పాటు ఆ జట్టు పేరును తమ ఎముకలతో మోసినవాళ్ళ పేర్లు ఆ దస్తావేజులో ఎక్కడా లేవు. వెస్టన్ చూడని సంగతి ఇదే. గిన్నె ఎంతన్నది ఆయన అడిగాడు, గిన్నె బయట ఏముందన్నది అడగలేదు.

సంఘం అడగవలసింది. అడుగుతోందా? 2022లో క్లీవ్‌లాండ్ జట్టు ఒక క్వార్టర్‌బాక్‌కు 23 కోట్ల డాలర్లూ పూర్తి హామీతో రాసిచ్చింది. అందరికీ అట్లాంటి హామీలే వస్తే చచ్చిన డబ్బు, ఆదా డబ్బు అనే ఈ లెక్కంతా తారుమారవుతుంది. అది పాకకుండా యజమానులు కుమ్మక్కయ్యారని సంఘం ఫిర్యాదు చేసింది. హామీలు తగ్గించమని లీగు కార్యాలయం యజమానుల్ని ప్రోత్సహించిందనీ, అయితే వాళ్ళు కుమ్మక్కయ్యారనడానికి సాక్ష్యం చాలదనీ 2025 జనవరిలో మధ్యవర్తి తీర్పు చెప్పాడు. ఆ తీర్పులో మొదటి సగం ఆటగాళ్ళ చేతిలో ఎంత ఆయుధం! కాని తీర్పును లీగూ సంఘం నాయకత్వమూ ఒప్పందం చేసుకుని గోప్యంగా ఉంచాయి. ఆ సంగతి సభ్యులకు తెలిసింది జూన్‌లో, విలేఖరుల వల్ల. మరుసటి నెల, ఇతర వివాదాలు కూడా తోడై, సంఘం కార్యనిర్వాహకుడు రాజీనామా చేశాడు. గిన్నె నియమాల్ని చాలాకాలం కలిసి కాపలా కాసినవాళ్ళు ఒకరి రహస్యాలు ఒకరు దాచుకోవడం అలవాటు చేసుకుంటారు కాబోలు.

ఇప్పుడు అమల్లో ఉన్న ఒప్పందం 2020 మార్చిలో ఓటింగుకు వచ్చింది. అందులో పదిహేడో ఆట ఉంది; అంటే అదే ఎముకల మీద మరో వారం. కొత్తవాడి కనీస జీతం 2019లోని 4,95,000 డాలర్ల నుంచి 6,10,000కు పెరగడమూ ఉంది. పేరున్న ఆటగాళ్ళు కొందరు బాహాటంగా వ్యతిరేకించారు, వాళ్ళకు మరో పదేళ్ళు నిలవడమే ముఖ్యం. ఈ ఆగస్టుకు తానుంటానో లేదో తెలియనివాడికి చేతికందే లక్షా పదిహేను వేలు ముఖ్యం. ఎవర్ని తప్పు పడతాం? అవునన్నవారు 1,019, కాదన్నవారు 959. దాదాపు ఐదు వందల మంది ఓటే వెయ్యలేదు. ఆ ఒప్పందం 2030 ఆటలతో ముగుస్తుంది, లీగు అధిపతులు పద్ధెనిమిదో ఆట మాట ఇప్పటికే ఎత్తారు. సగటు ఉద్యోగం మూడేళ్ళయిన చోట, 2020లో ఓటు వేసినవారిలో అప్పటికి బల్ల దగ్గర మిగిలేవాళ్ళు బహుకొద్దిమంది. అప్పుడు ఓటు వెయ్యబోయేవాళ్ళలో ఎక్కువమంది ఇప్పుడు కళాశాలల్లో ఆడుతున్నారు, లేదా ఇంకా పాఠశాల దాటలేదు. ఆ కళాశాలల్లో కూడా 2025 జూలై నుంచి ఆటగాళ్ళకు నేరుగా డబ్బివ్వడం మొదలైంది, విద్యాలయానికి మొదటి ఏడాదిలో 2 కోట్ల 5 లక్షల డాలర్లకు మించకుండా. అక్కడ ఇంకా సంఘం లేదు. గిన్నె మాత్రం వచ్చేసింది.